పినాకిల్స్ రాళ్లు, సర్వాంటిస్ లాబ్‌స్టర్లు: రెండింటికీ ఒకటే సున్నపురాయి

పశ్చిమ ఆస్ట్రేలియాలో పెర్త్ నగరం నుంచి తీరం వెంబడి ఉత్తరంగా 200 కిలోమీటర్లు వెళ్తే సర్వాంటిస్ అనే చిన్న ఊరు వస్తుంది. జనాభా ఐదు వందలకు అటూ ఇటూ. రొయ్యల జాతికి చెందిన పెద్ద సముద్రజీవి లాబ్‌స్టర్, దాని వేటే ఆ ఊరికి ప్రధాన ఆధారం. ఊరికి కారులో పావుగంట దూరంలో నంబంగ్ నేషనల్ పార్కు ఉంది. ఆ పార్కులో పసుపుపచ్చని ఇసుక నేల మీద వేల సంఖ్యలో రాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. కొన్ని మోకాలెత్తు, కొన్ని మనిషెత్తు, పెద్దవి మూడున్నర మీటర్లు, అంతకన్నా ఎక్కువ. వీటినే పినాకిల్స్ అంటారు.

పెర్త్‌లో ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు ఇది తెలిసిన చోటే. ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వస్తే తీసుకెళ్లి చూపించే వాటిలో ఇదొకటి. పొద్దున్నే బయల్దేరి, రాళ్ల మధ్య కారులో ఒక చుట్టు తిరిగి, ఫొటోలు దిగి, ఊళ్లో లాబ్‌స్టర్ తిని చీకటి పడేలోగా ఇంటికి చేరుకుంటారు. ఈ ట్రిప్పులో రాళ్లు ఒక ఐటెమ్, లాబ్‌స్టర్ ఇంకో ఐటెమ్. ఒకదానితో ఒకదానికి పని లేనట్టే కనిపిస్తాయి. కానీ ఒడ్డున నిలబడ్డ ఆ స్తంభాలూ, సముద్రం అడుగున లాబ్‌స్టర్లు దాక్కునే రాతి గుట్టలూ ఒకే సున్నపురాయి. అది తెలిసి వెళ్తే ఆ చోటు కనిపించే తీరే మారిపోతుంది.

ముందుగా ఒక అపోహ సంగతి చూడాలి. పినాకిల్స్ ఫొటోల కింద 'గాలి చెక్కిన శిల్పాలు' అని రాయడం మామూలైపోయింది. చుట్టూ ఇసుక, పైన ఎండ, మధ్యలో మొండిగా నిలబడ్డ రాళ్లు చూసి ఎవరైనా అలాగే అనుకుంటారు. నిజానికి ఈ స్తంభాలను మలిచింది వాన. స్తంభాల విషయంలో గాలి వచ్చింది కథ చివర్లో, అప్పటికే తయారై ఇసుకలో పూడి ఉన్న రాళ్లను బయటికి తీయడానికి. పేరుకు పినాకిల్స్ డెజర్ట్ అంటారు గానీ, ఈ ప్రాంతంలో ఏటా 500 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. మన అనంతపురంలో పడేది కూడా ఇంచుమించు ఇంతే. తేడా అల్లా కాలంలోనే ఉంది. ఇక్కడి వాన చాలావరకు అక్కడి చలికాలంలో, అంటే మే నుంచి ఆగస్టు లోపల కురుస్తుంది. రాళ్లున్న ఆ కాస్త ఇసుక నేల దాటితే చుట్టూ పొదలు, బ్యాంక్సియా చెట్లు, తుప్పలు దట్టంగానే ఉంటాయి. కంగారూలు, ఈమూలు వాటి మధ్య మేస్తూ తిరుగుతుంటాయి.

ఇక రాయి పుట్టుక. దీనికి ముడిసరుకంతా సముద్రానిదే. గవ్వలు, నత్తగుల్లలు, సున్నం పట్టిన సముద్రపు నాచు, ఇలా సముద్రజీవుల ఒంట్లోంచి వచ్చిన సున్నమంతా అలల తాకిడికి నలిగి సన్నని ఇసుకైంది. అలలు దాన్ని ఒడ్డుకు చేర్చాయి. ఒడ్డున ఆరిన ఇసుకను గాలి లోపలికి ఎగరేసి దిబ్బలు పేర్చింది. మంచుయుగాల్లో సముద్రమట్టం పడిపోవడం, తర్వాత మళ్లీ పెరగడం పలుమార్లు జరిగింది. సుమారు 20,000 ఏళ్ల కిందట చివరి మంచుయుగం తీవ్రంగా ఉన్నప్పుడు సముద్రం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా కిందికి దిగిపోయింది. నీళ్లు తగ్గినప్పుడల్లా తీరం పడమటికి జరిగి, కొత్తగా బయటపడ్డ నేల మీద కొత్త దిబ్బలు లేచాయి. అందుకే ఈ తీరంలో దిబ్బలు వరుసలు వరుసలుగా, వేర్వేరు వయసులతో ఉన్నాయి. సముద్రానికి అన్నిటికన్నా దగ్గరున్నది క్విందలప్ వరుస, అది కొత్తది, తెల్లగా ఉంటుంది. దాని వెనక స్పియర్‌వుడ్ వరుస, ఇనుము కలిసి పసుపు రంగు తిరిగింది. ఇంకా లోపల బాసెండీన్ వరుస, అన్నిటికన్నా పాతది. పినాకిల్స్ ఉన్నది మధ్యలోని స్పియర్‌వుడ్ దిబ్బల్లో.

ఇసుక దిబ్బ రాయిగా మారడమే ఈ కథలో అసలు ఘట్టం. వానచుక్క గాలిలోని, నేలలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ నీరు దిబ్బలోకి ఇంకుతూ పై పొరల్లోని సున్నాన్ని కరిగించుకుంటుంది. కిందికి దిగాక, ఎండాకాలం వచ్చి నీరు ఆరిపోగానే, ఆ సున్నం ఇసుక రేణువుల మధ్య పేరుకుని వాటిని అతికిస్తుంది. పాకం ఆరి కలకండ గట్టిపడ్డట్టు దిబ్బ కింది భాగం గట్టిపడుతుంది. ఇలా తయారైన రాతిని భూగర్భ శాస్త్రజ్ఞులు టమాలా సున్నపురాయి అంటారు. ఇది ఒక్క పినాకిల్స్ దగ్గరే ఉన్నది కాదు. పశ్చిమ ఆస్ట్రేలియా తీరం పొడవునా వందల కిలోమీటర్లు పరుచుకుని ఉంది. పెర్త్ పక్కనున్న ఫ్రీమాంటిల్‌లో 1831లో కట్టిన రౌండ్‌హౌస్, 1850లలో ఖైదీల చేతే కట్టించిన జైలు, రెండూ ఈ తీరపు సున్నపురాయి కట్టడాలే.

రాయిగా మారడం, కరగడం ఇక్కడ ఒకేసారి జరిగాయి. మామూలుగా సున్నపురాయి అంటే కోట్ల ఏళ్ల నాటిది. మన బెలుం గుహల రాయి అలాంటిది. ముందు రాయి ఏర్పడుతుంది, ఎప్పుడో చాలా కాలానికి నీరు దాన్ని కరిగించి గుహ చేస్తుంది. పినాకిల్స్‌ది అంత పాత రాయి కాదు. వయసు లక్షల ఏళ్లలో లెక్క, కోట్లలో కాదు. ఇసుక ఇంకా పూర్తిగా రాయి కాకముందే నీరు దాన్ని ఒకచోట అతికిస్తూ, పక్కనే కరిగిస్తూ పోయింది. పైన చెట్లు, తుప్పలు మొలిచాయి. ఆకులు కుళ్లి నేల పొర ఏర్పడింది. ఆ పొరలోంచి దిగే నీటికి పులుపు ఇంకా ఎక్కువ. నేల కింద ఒక బిగువైన సున్నపు పెచ్చు కట్టింది. ఆ పెచ్చుకు పగుళ్లు వచ్చిన చోట వేళ్లు దిగాయి. వేళ్ల దారినే నీళ్లు దిగాయి. నీళ్లు దిగిన చోటల్లా రాయి కరిగి నిలువు గొట్టాల్లాంటి బొరియలు పడ్డాయి. సున్నం పోగా మిగిలిన ఇసుక ఆ బొరియల్లో నిండింది. కాలం గడిచేకొద్దీ బొరియలు వెడల్పై ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. వాటి మధ్య కరగకుండా మిగిలినవే ఈ స్తంభాలు.

అన్ని స్తంభాలకూ ఈ ఒక్క వివరణే సరిపోతుందా అన్నది శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా చర్చలో ఉంది. కొన్ని స్తంభాలు చెట్ల వేళ్ల చుట్టూ, మొదళ్ల చుట్టూ సున్నం పేరుకోవడం వల్ల ఏర్పడ్డాయన్న వాదన ఒకటుంది. మొక్కలే నేలలోని సున్నాన్ని ఒక దగ్గరికి చేర్చాయన్నది మరొకటి. ఇటీవల కర్టిన్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు ఈ రాళ్లలోని ఇనుప గుళికల్లో చిక్కుకున్న హీలియాన్ని కొలిచి, అవి సుమారు లక్ష ఏళ్ల కిందట ఏర్పడ్డాయని తేల్చారు. గత ఐదు లక్షల ఏళ్లలో ఈ ప్రాంతంలో బాగా వానలు పడ్డ కాలం అదేనని, ఆ వానలే స్తంభాలను మలిచాయని వాళ్ల అభిప్రాయం. ఏ వాదన తీసుకున్నా నీటిదే పెద్ద పాత్ర. అలాంటి రాళ్లను కరువు నేల గుర్తుగా చూపించడం వాటికి అన్యాయమే అవుతుంది.

ఈ కథంతా రాతి మీదే రాసి ఉంటుంది, చదవడం తెలిస్తే. ఏదో ఒక పెద్ద స్తంభం దగ్గర ఆగి, పక్కనుంచి చూస్తే ఏటవాలు గీతలు వరుసగా కనిపిస్తాయి. కొంత ఎత్తు దాకా ఒక వైపుకు వాలి ఉంటాయి, ఆ పైన ఇంకో వైపుకు తిరుగుతాయి. దిబ్బ పెరుగుతున్న రోజుల్లో గాలి ఎటు నుంచి వీచిందో, ఎప్పుడు దిశ మార్చిందో చెప్పే గీతలవి. కొన్ని స్తంభాలకు పైన గొడుగులాంటి తల ఉంటుంది. అది మొదట్లో కట్టిన ఆ బిగువైన పెచ్చు. కింద రాయి మెత్తన కాబట్టి ముందు అరిగింది, తల నిలిచింది. పెచ్చు పూర్తిగా పోయిన స్తంభాలు మొన తేలి ఉంటాయి. గరుకుగా ఉన్న చోట పరికించి చూస్తే సున్నపు రేణువులు కంటికి ఆనతాయి. అవి ఒకప్పటి గవ్వల పొడి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఈ గీతలేవీ సరిగ్గా కనబడవు. పొద్దున్నే గానీ, పొద్దు వాలాక గానీ వెలుగు పక్కనుంచి పడ్డప్పుడే తేలి కనిపిస్తాయి. సూర్యాస్తమయం వేళ వెళ్లమని అందరూ చెప్పేది ఫొటో కోసం. రాతిని చదవడానికి కూడా అదే సరైన వేళ.

మన దగ్గర భీమిలి పక్కన ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్లకు ఇక్కడ ఒక పోలిక తడుతుంది. అవీ సముద్రం పక్క ఇసుక దిబ్బలే. అక్కడా సముద్రమట్టం హెచ్చుతగ్గులు, గాలి, ఇనుము ఇచ్చిన రంగు ఉన్నాయి. కానీ ఆ ఇసుకలో గవ్వల సున్నం ఈ స్థాయిలో లేదు. అతికించే సరుకు తక్కువ కాబట్టి వాన పడితే దిబ్బలు లోతైన గండ్లుగా కోసుకుపోతాయి. ఇక్కడ అదే వాన స్తంభాలను మిగిల్చింది.

స్తంభాలు తయారయ్యాక కూడా చాలా కాలం ఇసుక కిందే ఉన్నాయి. వాటిని కప్పిన ఇసుకను గాలి ఎత్తుకుపోవడంతో బయటపడ్డాయి. అదీ ఒక్కసారి జరిగింది కాదు. ఈ ఇసుకలో కనీసం 6,000 ఏళ్ల నాటి ఆదివాసుల రాతి పనిముట్లు దొరికాయి. దాన్నిబట్టి ఆ కాలంలో స్తంభాలు ఒకసారి బయటపడి ఉంటాయని, తర్వాత మళ్లీ ఇసుకలో పూడిపోయి, గత కొన్ని వందల ఏళ్లలోనే తిరిగి తేలాయని భావిస్తున్నారు. ఈ నేల తరతరాలుగా నూంగార్ ప్రజల్లోని యూయెడ్ వర్గానిది. యూరోపియన్ల రికార్డుల విషయానికొస్తే, 1650ల నాటి డచ్ నావికుల పటాల్లో ఈ తీరంలోని రెండు ఎత్తైన దిబ్బల గుర్తులున్నాయి. 1820లో బ్రిటిష్ నావికాధికారి ఫిలిప్ పార్కర్ కింగ్ కూడా తన రాతల్లో ఆ దిబ్బలను ప్రస్తావించాడు. ఓడ మీద నుంచి చూసేవాళ్లకు దిబ్బలు కనబడ్డాయి గానీ వాటి వెనకున్న రాళ్లు కనబడలేదు. బయటి ప్రపంచానికి పినాకిల్స్ గురించి పెద్దగా తెలిసింది 1960ల తర్వాతే. చుట్టుపక్కల ఉన్న మూడు రిజర్వులను కలిపి 1994లో నంబంగ్ నేషనల్ పార్కుగా ప్రకటించారు.

ఇసుక కదలడం ఇప్పటికీ ఆగలేదు. ఇక్కడ ఎక్కువగా వీచేది దక్షిణపు గాలి. అది పార్కు ఉత్తర భాగంలో కొత్త స్తంభాలను బయటపెడుతూ, దక్షిణ భాగంలో ఉన్నవాటిని కప్పేస్తూ పోతోంది. ఇలాగే సాగితే కొన్ని శతాబ్దాలకు ఇవన్నీ మళ్లీ ఇసుక పాలవుతాయి, ఆ తర్వాత మళ్లీ ఎప్పుడో తేలతాయి. రాళ్లు మారకపోయినా వాటిలో మనకు కనిపించే భాగం మాత్రం మారుతూనే ఉంటుంది.

ఇక ఊరి సంగతి. 1844లో సర్వాంటిస్ అనే అమెరికన్ తిమింగలాల వేట ఓడ ఈ తీరం దగ్గర మునిగింది. ఊరికి ఆ ఓడ పేరే పెట్టారు. ఊరు మాత్రం ఓడ కాలం నాటిది కాదు. 1960ల మొదట్లో, లాబ్‌స్టర్ వేటగాళ్ల కోసం ప్రభుత్వం స్థలాలు కేటాయించి వెలయించిన ఊరిది. ఆ వేటగాళ్లు ఇక్కడికే రావడానికి కారణం కూడా రాయే. పైన చెప్పిన దిబ్బల వరుసలు ఒడ్డుతో ఆగిపోలేదు. సముద్రం వెనక్కి తగ్గిన కాలంలో ఇంకా పడమటగా లేచి రాయిగా గట్టిపడ్డ దిబ్బలు, సముద్రం తిరిగి వచ్చాక నీట మునిగాయి. అవే ఇప్పుడు ఒడ్డుకు సమాంతరంగా ఉన్న రాతి గుట్టలు, రీఫులు. అలలను విరిచి పడవలకు ప్రశాంతమైన నీటినిచ్చేది అవే. వాటి నిండా సందులు, బొరియలు, అరుగులు. లాబ్‌స్టర్‌కు ఇల్లంటే అదే.

ఇక్కడ దొరికేది వెస్టర్న్ రాక్ లాబ్‌స్టర్. స్థానికులు క్రే అంటారు. గుడ్డు నుంచి బయటికొచ్చిన పిల్ల తొమ్మిది నుంచి పదకొండు నెలల పాటు నడి సముద్రంలో తేలుతూ గడుపుతుంది. కొన్ని తీరం నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా కొట్టుకుపోతాయి. ఆ తర్వాత గాజులాంటి పారదర్శకమైన శరీరంతో, అంగుళం పొడవున, ఒడ్డువైపు ఈదుకొచ్చి లోతు తక్కువ ఉన్న సున్నపురాతి గుట్టల సందుల్లో చేరుతుంది. మూడు నాలుగేళ్లు అక్కడే పెరుగుతుంది. ఆ వయసుకొచ్చాక నవంబరు, డిసెంబరు ప్రాంతంలో పెంకు విడిచి పాలిపోయిన రంగుకు తిరిగి, గుంపులుగా ఇసుక అడుగు మీద నడుచుకుంటూ పడమటి లోతుల్లోకి వెళ్తుంది. వేటగాళ్లు వీటిని వైట్స్ అంటారు. అంత పెద్ద సముద్రంలో ఏడాది తేలి వచ్చిన పిల్ల బతికేదీ లేనిదీ ఒడ్డు దగ్గర దాక్కునే రాతి సందు దొరకడం మీదే ఆధారపడి ఉంటుంది. ఆ సందులున్నది ఒకప్పుడు ఎండలో ఇసుక దిబ్బగా లేచిన రాతిలో.

ఈ వేటను నడిపే పద్ధతి గురించి కూడా కాస్త చెప్పుకోవాలి. ఎర పెట్టిన బోనులు సముద్రంలో దించి, మర్నాడో ఆ మర్నాడో తాళ్లతో పైకి లాగుతారు. తలను, ఛాతీని కప్పే పెంకు పొడవు 76 మిల్లీమీటర్లకు తగ్గితే తిరిగి సముద్రంలో వదలాల్సిందే. గుడ్లు మోస్తున్న ఆడవాటినీ వదలాలి. 2000లో ప్రపంచంలోనే మొట్టమొదట మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ ధ్రువీకరణ (సముద్ర సంపద తరిగిపోకుండా వేటాడుతున్నారని ఇచ్చే గుర్తింపు) పొందిన చేపల పరిశ్రమ ఇదే. అప్పటికి పరిస్థితి బాగానే ఉంది. 2008 ప్రాంతంలో ఒడ్డుకు చేరే పిల్లల సంఖ్య బాగా పడిపోయింది. ఏటా ఎన్ని పిల్లలు చేరుతున్నాయో లెక్కపెట్టే ఏర్పాటు దశాబ్దాలుగా ఉండబట్టి, వేట దెబ్బతినడానికి మూడు నాలుగేళ్ల ముందే సంగతి తెలిసిపోయింది. ప్రభుత్వం వేటను ఏటా సుమారు 11,000 టన్నుల సగటు నుంచి 5,500 టన్నుల స్థాయికి కోసేసింది. ఆ తర్వాత ఎవరు ఎంత పట్టొచ్చో ముందే నిర్ణయించే కోటా పద్ధతి వచ్చింది. ఆ ఏళ్లలో చాలా పడవలు వేట మానుకున్నాయి. తీరంలోని ఊళ్లకు అది మామూలు దెబ్బ కాదు. కానీ లాబ్‌స్టర్ల సంఖ్య మళ్లీ కోలుకుంది. చేపలు తగ్గాక గానీ వేట తగ్గించని దేశాలే ఎక్కువ ఉన్న ప్రపంచంలో, ముందే తగ్గించిన ఈ నిర్ణయానికి దక్కాల్సినంత పేరు దక్కలేదనే చెప్పాలి.

2020 చివర్లో ఇంకో దెబ్బ తగిలింది. ఈ తీరంలో పట్టిన లాబ్‌స్టర్లలో తొంభై శాతానికి పైగా ప్రాణంతో చైనాకు వెళ్లేవి. చైనా ఉన్నట్టుండి దిగుమతి ఆపేసింది. ధర పడిపోయింది. వేటగాళ్లు పడవ దగ్గరే స్థానికులకు నేరుగా అమ్ముకునేలా రాష్ట్ర ప్రభుత్వం నిబంధనలు సడలించింది. 2024 చివర్లో చైనా మార్కెట్ మళ్లీ తెరుచుకుంది. ఈ నాలుగేళ్లలో సర్వాంటిస్ లాంటి ఊళ్లకు టూరిస్టుల విలువ బాగా తెలిసొచ్చింది.

టూరిస్టులు మాత్రం ఊళ్లో ఆగేది తక్కువ. దానికి ఒక కారణం రోడ్డు. 2010 సెప్టెంబరులో ఇండియన్ ఓషన్ డ్రైవ్ పూర్తయ్యాక పెర్త్ నుంచి రెండు గంటల ప్రయాణమే. అంతకుముందు లోపలి హైవే మీదుగా చుట్టు తిరిగి రావాలి. రోడ్డు బాగుపడ్డంతో వచ్చేవాళ్లు పెరిగారు, రాత్రి ఉండాల్సిన అవసరం పోయింది. బస్సు టూర్లలో చాలావాటికి రాళ్ల దగ్గర దొరికేది గంటో గంటన్నరో. స్తంభాల మధ్య నాలుగు కిలోమీటర్ల వన్‌వే మట్టి దారి ఉంది, మామూలు కారులో వెళ్లొచ్చు. నడిచేవాళ్లకు చిన్న బాట వేరే ఉంది. కారు దిగకుండానే ఆ దారి చుట్టేసి వచ్చేవాళ్లున్నారు. అంత దూరం వచ్చి కనీసం పది రాళ్ల దగ్గరైనా దిగకపోవడం నష్టమే. ఈ చోటులో చూడాల్సిందంతా చేతికందే దూరంలో ఉంది.

ఒక్కరోజులోనే చూడాలనుకునేవాళ్లు వరుస మార్చుకుంటే మంచిది. ముందు ఊరికి వెళ్లాలి. ఊరి పక్కనే థెటిస్ సరస్సు ఉంది. ఇది సముద్రం నుంచి విడిపోయి మిగిలిన ఉప్పు నీటి మడుగు, సముద్రం కన్నా ఒకటిన్నర రెట్లు ఉప్పు. దాని అంచుల్లో గుండ్రటి రాతి గుబ్బలు కనిపిస్తాయి. కంటికి కనబడనంత చిన్న జీవులు వేల ఏళ్లుగా సున్నాన్ని పొరలు పొరలుగా కూడగడుతూ కట్టినవి అవి. భూమి మీద తొలినాళ్ల జీవం కట్టిన కట్టడాలు ఈ కోవకు చెందినవే. వాటి మీద కాలు పెట్టకూడదు, చూడడానికి చెక్క బాట వేశారు. అక్కడి నుంచి జెట్టీ దగ్గరికి వెళ్తే బోనులు, తాళ్లు, పడవలు కనిపిస్తాయి. లాబ్‌స్టర్లను రకాలవారీగా వేరుచేసి ప్యాక్ చేసే చోటును కూడా డబ్బులు కట్టి చూడొచ్చు. సున్నాన్ని జీవులు ఎలా కూడగడతాయో, సముద్రం దాన్ని ఎలా వాడుకుంటుందో చూశాక, పొద్దు వాలే వేళకు పినాకిల్స్ చేరితే ఆ గీతలు, ఆ పెచ్చులు, ఆ రేణువులు అన్నీ అర్థమవుతాయి. పార్కులోనే 2008లో తెరిచిన ప్రదర్శనశాల ఉంది. రాళ్ల పుట్టుక గురించి అక్కడ ఉన్న వివరాలు రాళ్లలోకి వెళ్లే ముందే చదవాలి. చాలామంది తిరుగు ప్రయాణంలో, అలసిపోయాక చూస్తారు, లేకపోతే షాపు వరకే వెళ్లి వచ్చేస్తారు.

కాలం విషయంలో సెప్టెంబరు, అక్టోబరు నెలలు మేలు. ఎండ తక్కువ, పొదలన్నీ పూస్తాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ మండు వేసవి, ఈగల బాధ కూడా ఎక్కువ. పిల్లల సెలవులని సంక్రాంతి రోజుల్లో ఇండియా నుంచి వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. తాగే నీళ్లు వెంట తీసుకెళ్లాలి. పార్కులో రాత్రి బస లేదు.

స్తంభాలెక్కి ఫొటోలు దిగడం మాత్రం ఎవరూ చేయకూడని పని. పైకి బండరాయిలా కనిపించినా లోపల ఇది అతుక్కున్న ఇసుకే. పైనున్న పెచ్చు ఊడితే కింది మెత్తని భాగం ఎండకూ వానకూ నేరుగా గురవుతుంది. ఒక పెచ్చు కట్టడానికి దిబ్బ కావాలి, దిబ్బ మీద అడవి కావాలి, వేల ఏళ్ల వానలు కావాలి. ఇప్పుడా దిబ్బా లేదు, ఆ అడవీ లేదు. కొత్త స్తంభాలు గాలికి బయటపడుతున్నాయంటే అవి కొత్తగా పుడుతున్నాయని కాదు, పాత నిల్వ బయటికొస్తోందంతే. విరిగినదాని స్థానంలో ఇంకోటి రాదు.

చీకటి పడ్డాక తిరుగు ప్రయాణం గురించి పెర్త్‌లో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు గానీ, కొత్తగా వచ్చి కారు అద్దెకు తీసుకునేవాళ్లకు చెప్పాలి. పొద్దు వాలిన గంట, రెండు గంటల్లోనే కంగారూలు రోడ్డు మీదికి ఎక్కువగా వస్తాయి. సూర్యాస్తమయం చూసి వెంటనే రెండు గంటలు డ్రైవ్ చేయడమంటే సరిగ్గా ఆ వేళలోనే రోడ్డెక్కడం. ఆ రాత్రికి సర్వాంటిస్‌లో గది తీసుకుంటే ఆ టెన్షన్ ఉండదు. ఊళ్లో వెలుతురు తక్కువ కాబట్టి నక్షత్రాలు బాగా కనిపిస్తాయి. ఖర్చు పెట్టే డబ్బు లాబ్‌స్టర్ కోటా తగ్గినప్పుడూ, చైనా మార్కెట్ మూసుకున్నప్పుడూ తట్టుకుని నిలబడ్డ ఊరికి చేరుతుంది. మర్నాడు పొద్దున్నే, టూర్ బస్సులు పెర్త్ నుంచి వచ్చేలోగా, ఇంకోసారి రాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు. సాయంత్రం పడమటి వెలుగులో నీడన ఉన్న స్తంభాల తూర్పు ముఖాలు అప్పుడు కనిపిస్తాయి, గాలి గీతల్లో సగం అటువైపే ఉన్నాయి.